ఇంటి రౌటరు – దాని లోపలి వ్రాత
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదు సంవత్సరములుగా ఈ గ్రామమునకు అక్షరభిక్ష పెట్టుచున్న యీ గ్రంథాలయమున నాలుగు మాటలు చెప్పుటకు నన్ను పిలిచినందులకు కృతజ్ఞుడను. నేను సాహిత్యవేత్తను గాను. హైదరాబాదున మలక్‌పేటలో కాపురముండి, తీరిక వేళల యంత్రములతో కుస్తీపట్టు అలవాటు గలవాడను. ఈ పఠన మందిరపు గోడకు ఇంటర్నెట్టు పెట్టె యొకటి వ్రేలాడుచున్నది గదా! దానినే వైఫై రౌటరు అందుము. “అది మొరాయించినప్పుడు మేమేమి చేయవలెను?” అని కార్యదర్శిగారు నన్నడిగిరి. అందులకు సమాధానమే నేటి నా ప్రసంగము. ఇందులో నా ఘనత యేమియు లేదు. నేను చేసిన తప్పిదమే యున్నది.

రౌటరు పని తపాలా కచ్చేరి పనివంటిది. బయటినుండి వచ్చిన ఉత్తరమును చిరునామా చూచి తగిన చేతికి అందించును. ఇంటినుండి పోవుదానిని బయటికి పంపును. ఆ పెట్టెలో చిన్న కంప్యూటరు ఉన్నది. దానికి ఆజ్ఞలిచ్చు వ్రాతను ఫర్మ్‌వేరు అందురు. పెట్టెను అమ్మిన కంపెనీ కొన్ని యేండ్లు ఆ వ్రాతలోని తప్పులను దిద్దుచుండును. పిమ్మట మానివేయును. పెట్టె దిట్టముగనే యుండును గాని, లోపలి వ్రాతలోని కన్నములు దొంగలకు తెరచియుండును. అట్టి పెట్టెలో కంపెనీ వ్రాతను తీసి, బయటివారు వ్రాసిన వేరొక వ్రాతను ఎక్కించుకొనవచ్చును.

ఈ అవకాశము ఎట్లు వచ్చినదో వినదగిన కథ. 2002 చివర లింక్‌సిస్ కంపెనీ డబ్ల్యుఆర్‌టి54జి అను రౌటరును అమ్మకమునకు పెట్టెను. 2003లో ఆ కంపెనీని సిస్కో సంస్థ కొనెను. ఆ పెట్టె లోపల నడుచుచున్నది లినక్సు అని ఆ సంవత్సరమే కొందరు కనిపెట్టిరి. లినక్సు జీపీఎల్ అను ఒప్పందమునకు లోబడినది. దానితో చేసిన వస్తువును ఇతరులకు అమ్మువాడు, అడిగినవారికి దాని మూలవ్రాతను గూడ ఈయవలెను. జనులు అడిగిరి, కంపెనీ ఇచ్చెను. ఆ మూలము నాధారము చేసికొని 2004లో ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి అను ఉద్యమము పుట్టెను. అది నేటికిని సాగుచున్నది. తాళము వేసిన బీరువాలోని గ్రంథమును పదిమంది ముందుకు తెప్పించిన పనియే గదా యిది! గ్రంథాలయోద్యమము మనకు నేర్పినదియు ఇదియే.

ఇక నా కథ. మా యింటి పాత రౌటరులో ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి ఎక్కించి ఏడాదిపాటు సుఖముగా వాడుకొంటిని. మా మేడమీద కాపురమున్నవారును దానితోనే పని జరుపుకొనుచుండిరి. ఒక ఆదివారము మధ్యాహ్నము, కొత్త వెర్షను వచ్చినదని తెలిసి, తోచుబడి కాక దానిని ఎక్కించుటకు కూర్చుంటిని. ఒకే పేరుగల రౌటరు రెండు మూడు రకములుగ వచ్చుచుండును. అడుగున అతికించిన చీటీపై వెర్షను సంఖ్య యుండును. నాది రెండవ వెర్షను. నేను దించుకొన్నది మూడవదాని ఫైలు. “ఇది ఈ పెట్టెకు సరిపడదు” అని యంత్రము హెచ్చరించెను. నాకంటె దానికి ఎక్కువ తెలియునా యనుకొని, బలవంతముగా ఎక్కించితిని. దీపములన్నియు ఒక్కమారు వెలిగి ఆరెను. పెట్టె మూగవోయెను.

సాయంకాలము మేడమీది అమ్మాయి దిగివచ్చెను. ఏదో ప్రవేశపరీక్షకు దరఖాస్తు పంపుటకు ఆ అర్ధరాత్రియే కడపటి గడువట. “అంకుల్, నెట్ ఎప్పుడొస్తుందండీ? రేపైతే నాకు పనికిరాదు” అనెను. వారి ఫోనులో ఆనాటి డేటా అయిపోయినది. ఆమెను, తండ్రిని వెంటబెట్టుకొని ఆటోలో దిల్‌సుఖ్‌నగర్ పోయి, మూయబోవుచున్న యొక నెట్ సెంటరును పట్టుకొంటిని. దరఖాస్తు చేరెను. ఆమె నన్ను ఒక్కమాటయు అనలేదు. తిరిగి వచ్చునప్పుడు దారిపొడుగునను నేను తల యెత్తలేదు.

మరునాడు చికిత్స మొదలిడితిని. పెట్టెలో ఫర్మ్‌వేరు పాడైనను, దానికి ముందు మేల్కొను చిన్న వ్రాత యొకటి సాధారణముగ బ్రతికియే యుండును. దానిని బూట్‌లోడరు అందురు. చాలా పెట్టెలలో రీసెట్ మీటను నొక్కిపట్టి కరెంటు ఇచ్చినచో, అది ఒక నిర్ణీత చిరునామాగల కంప్యూటరునుండి టీఎఫ్‌టీపీ అను పద్ధతిలో మంచి ఫైలును అడుగును. నేను సరియైన ఫైలు పెట్టి పదిమార్లు ప్రయత్నించితిని. ఫలము లేదు.

అప్పుడు కోఠి పోయి, గుజరాతీ గల్లీలో ఒక సీరియల్ కేబులు కొంటిని. 1901లో స్థాపితమైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము ఆ చేరువనే యున్నది. పెట్టె మూత విప్పి, కంప్యూటరుకు కలిపితిని. ఇందు జాగ్రత్త కావలెను. ఆ తీగలు 3.3 వోల్టులవిగా నుండవలెను. విద్యుత్తు తీగను కలుపక, భూమి తీగ, పంపునది, పుచ్చుకొనునది – ఈ మూడే కలుపవలెను. ఒకదాని పంపు తీగ రెండవదాని పుచ్చుకొను తీగకు చేరవలెను. కరెంటు ఇవ్వగనే తెరపై అక్షరములు వచ్చినవి. మూగయనుకొన్న పెట్టె మాటలాడినది! తాను ఫైలు అడుగుచున్నట్లు చెప్పి, పిమ్మట ‘టీ, టీ, టీ’ అని ఒకే అక్షరమును వరుసగా వ్రాసినది. గడువులోపల జవాబు రాలేదని దాని యర్థము.

అనగా పెట్టె అడుగుచునే యున్నది. జవాబీయనిది నా కంప్యూటరే! దాని కావలివాడైన ఫైర్‌వాల్ ఆ యడుగుటను గుమ్మమునొద్దనే ఆపుచుండెను. దానిని ఆ కాసేపు ప్రక్కకు తప్పించగా, రెండు నిమిషములలో ఫైలు ఎక్కెను. పని తీరగనే కావలివానిని మరల నిలిపితిని.

అంతటితో కష్టము తీరలేదు. పెట్టె లేచినది గాని వైఫై కనబడదు. ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి కొత్తగా ఎక్కినప్పుడు సాధారణముగ వైఫై ఆపబడియే యుండును. తీగతో కలిపి మనమే తెరవవలెను, సంకేతపదమును మనమే పెట్టవలెను. అది చేసితిని. అయినను నెట్ రాదు. ఫైబరు కంపెనీవారు పెట్టిన పెట్టె చిరునామా 192.168.1.1. నా రౌటరు చిరునామాయు అదియే. ఒకే వీధిలో రెండిండ్లకు ఒకే నంబరున్నచో తపాలావాడు ఏమి చేయగలడు? నా రౌటరు చిరునామాను 192.168.2.1గా మార్చగనే నెట్ పారినది.

అయ్యలారా, ఈ రెండు సంగతులును నాకు క్రొత్తవి కావు. ఏడాది క్రిందట నేనే వైఫై తెరచితిని, నేనే చిరునామా మార్చితిని. ఎక్కడను వ్రాసి పెట్టుకొనలేదు, కావున మరచితిని. నన్ను రెండు దినములు ఏడిపించినది యంత్రము కాదు, నా వ్రాయనితనము.

కావున మీ పెట్టె విషయమై నా మనవి. దాని ప్రక్కన ఒక నోటు పుస్తకము కట్టుడు. మొదటి పుటలో పెట్టె పేరు, అడుగున చీటీపైనున్న వెర్షను సంఖ్య, చిరునామా వ్రాయుడు. ఎవరు ఏనాడు ఏమి మార్చిరో తరువాతి పుటలలో వ్రాయుడు. నెట్ ఆగినచో మొదట తీగలను, దీపములను చూడుడు. ఒకమారు ఒక్క మార్పే చేయుడు. రెండు మార్చినచో ఏది మేలు చేసెనో తెలియదు. ఫర్మ్‌వేరు మార్చదలచినచో, దించిన ఫైలు చెడకుండ వచ్చినదో లేదో దానితో ప్రకటించిన గుర్తుసంఖ్యతో సరిచూడుడు. పాత అమరికల నకలు దాచుడు. కరెంటు పోవు వేళల ఆ పని పెట్టుకొనకుడు. ఎక్కుచుండగ ఆగిన వ్రాత పెట్టెను మూగజేయును. నాలుగు మెగాబైట్ల ఫ్లాషు, ముప్పదిరెండు మెగాబైట్ల రాము మాత్రమే గల పాత పెట్టెలు నేటి ఓపెన్‌డబ్ల్యుఆర్‌టిని మోయలేవు. వాటి జోలికి పోవలదు. అన్నిటికంటె ముఖ్యము – పదిమంది దానిపై ఆధారపడియున్న దినమున, పరీక్షల దరఖాస్తుల కాలమున, దానిని ముట్టకుడు.

పుస్తకము తీసికొన్నవారి పేరు, తేది వ్రాసియుంచుట ఈ గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్ల అలవాటు. ఆ నియమమునే గోడమీది పెట్టెకును వర్తింపజేయుడని కోరుచున్నాను. లోపలి వ్రాత చదువనిచ్చు వస్తువును బాగుచేసికొనవచ్చును. బాగుచేసినవాడు తన పనిని వ్రాసియుంచినచో, తరువాతివాడు నావలె తల దించుకొనవలసిన పని యుండదు.