పిల్లిపిల్లకు టీకా వేయించబోయే ముందు



పిల్లిని గురించి మాట్లాడుతానంటే మీలో కొందరికి నవ్వు రావచ్చు. ఎద్దుకు, గేదెకు, గొర్రెకు టీకాలంటే సరే, పిల్లికి కూడానా అని. కాని గాదెలో ధాన్యమున్న ఇంట పిల్లి లేకపోతే ఎలుకలు చేసే నష్టం మీకు నేను చెప్పనక్కరలేదు. ఆ పిల్లే రాత్రి మీ పిల్లల దుప్పట్లో దూరి పడుకుంటుంది. వీధిలో దాన్ని పిచ్చికుక్క కరచిందేమో మనం చూడము గదా! దానికి పిచ్చి వ్యాధి సోకితే మనిషికి రావడానికి ఒక్క కాటు చాలును. లక్షణములు బయటపడిన తరువాత బ్రతకడం దాదాపు లేదనే చెప్పవలెను.

అందుచేత పిల్లకు మూడు నెలలు నిండగానే ఈ టీకా వేయించండి. మళ్ళీ ఎప్పుడు వేయించాలో డాక్టరుగారు చెబుతారు. వాంతులు, విరేచనాలతో పిల్లికూనలను చంపే జబ్బుకు వేరే టీకా ఉన్నది. అది ఎనిమిదో వారం మొదలుకొని వేస్తారు.

ఇక ముందు చూసుకోవలసిన పనులు. పొట్ట ఉబ్బి, బొచ్చు గరుకుగా ఉంటే కడుపులో పాములున్నట్లు అనుమానించవచ్చు. టీకాకు వారం పది రోజుల ముందే నట్టల మందు పట్టించండి. గొర్రెల మందు అంచనా మీద పోయకండి. కూనను సంచిలో పెట్టి కాటా మీద తూచి, ఆ బరువు డాక్టరుకు చెప్పి మందు అడగండి. మరొక ముఖ్య సంగతి. ఒంటిమీద పిడుదులున్నాయని గేదెలకు వాడే సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ మందులు పిల్లికి రాయకండి. గేదె తట్టుకుంటుంది గాని పిల్లి తట్టుకోలేదు. వణుకు, మూర్ఛ వచ్చి చచ్చిపోవచ్చు. చేతితో ఏరి, దువ్వెనతో దువ్వితే చాలు.

మనవాళ్ళు చాలామంది పిల్లిని గోనెసంచిలో వేసి, మూతి బిగించి, సైకిలుకు తగిలించి తెస్తారు. అలా తెచ్చిన కూన ఒకటి, సంచి విప్పగానే దూలమెక్కి కూర్చోవడం నేను చూశాను. డాక్టరుగారు, తెచ్చినాయన, నేను ముగ్గురమూ గంటసేపు కింద నిలబడి బతిమాలాము. మూతగల వెదురుబుట్ట ఒకటి వారం ముందే ఇంట్లో మూలన తెరిచి పెట్టండి. అది పడుకునే పాతగుడ్డ అందులో పరచి, అన్నం కూడా అక్కడే పెట్టండి. రెండు రోజుల్లో తానే ఎక్కి పడుకుంటుంది. రోజూ కాసేపు పాదాలు, చెవులు, మెడ నిమిరి అలవాటు చేయాలి.

ఆ రోజు పొద్దుటే, ఎండ ముదరక ముందే బయలుదేరండి. పస్తు పెట్టనక్కరలేదు. రెండు మూడు గంటల ముందు కొద్దిగా తిననివ్వండి. అక్కడ కుక్కలు ఉంటాయి కనుక బుట్టను నేలమీద కాక ఒడిలో ఉంచుకొని గుడ్డ కప్పండి. పట్టుకోవడానికి చిన్నపిల్లలను పంపవద్దు, పెద్దవారే తువాలు చుట్టి పట్టుకోవాలి. తిండి మానినా, కళ్ళు కారుతున్నా, కుక్క కరచినా ముందే చెప్పండి, దాచవద్దు.

టీకా వేశాక అరగంట అక్కడే ఆగండి. మూతి వాచినా, వాంతులైనా, ఊపిరి ఆడకపోయినా వెంటనే చూపవచ్చు. ఒకరోజు మందకొడిగా ఉండడం మామూలే. ఒళ్ళు వెచ్చగా ఉందని మన జ్వరం బిళ్ళ, పారాసిటమాల్, చిటికెడైనా పెట్టకండి. అది పిల్లికి విషమే.

టీకా వేసిన మరుక్షణమే రక్షణ రాదు, కొన్ని వారాలు పడుతుంది. పిల్లి ఎవరినైనా కరచినా, రక్తం వచ్చేట్టు గీరినా, దానికి టీకా వేశాము గదా అని ఊరుకోవద్దు. పుండును పారే నీటి కింద సబ్బుతో పావుగంట కడిగి, పసుపూ కారమూ అద్దక, తిన్నగా ఆసుపత్రికి వెళ్ళండి.

1885 జూలై 6న లూయి పాశ్చర్ పిచ్చికుక్క కరచిన ఒక పిల్లవాడికి ఈ టీకా మొదటిసారి వేయించాడు. అందుకే ఏటా జూలై 6న చాలా పశువుల ఆసుపత్రులలో కుక్కలకు, పిల్లులకు ఈ టీకా ఉచితంగా వేస్తున్నారు. మీ ఊరి ఆసుపత్రిలో ఏ వేళకు మొదలుపెడతారో ముందురోజే కనుక్కోండి. బుట్ట మాత్రం జూన్ నెలాఖరుకే మూలన పెట్టండి.