ఇంటి గాలి – మన చేతల ఫలితం



కాలుష్యమనగానే మనకు వీధిలోని వాహనాలు, కర్మాగారాల పొగగొట్టాలు స్ఫురిస్తాయి. తలుపు మూసినంతనే సురక్షితులమయ్యామని భావిస్తాము. కాని ఇంటిలోని గాలిని పాడుచేసేవారిలో ఆ ఇంట నివసించే మనమూ ఉన్నాము.

ధూళికణం ఎంత చిన్నదైతే అంత ఎక్కువసేపు గాలిలో నిలుస్తుంది. కదలిక లేని గాలిలో 10 మైక్రోమీటర్ల కణం మన ముఖమెత్తు నుండి సుమారు 8 నిమిషాలలో నేలకు చేరుతుంది. 1 మైక్రోమీటరు కణానికి దాదాపు 12 గంటలు పడుతుంది. 2.5 మైక్రోమీటర్లకు లోబడిన కణాలు ఊపిరితిత్తుల లోతులకు చొచ్చుకొని పోగలవు.

పొడి చీపురుతో ఊడ్చినప్పుడు, పక్కబట్టలు దులిపినప్పుడు, పిల్లలు పరుగెత్తినప్పుడు నేలపై అణగిన ధూళి మరల లేస్తుంది. తాలింపు, అగరొత్తి, దోమల చుట్ట అయితే కొత్త కణాలనే పుట్టిస్తాయి. ఒక దోమల చుట్ట కాలి ముగిసేసరికి వెలువడే సూక్ష్మకణాల రాశి 75 నుండి 137 సిగరెట్లు విడిచే రాశికి సమానమని 2003లో ప్రచురితమైన పరిశోధన తెలిపింది. మూసిన గదిలో రాత్రంతా మన పిల్లలు పీల్చేది ఆ గాలినే.

ఈ నగరాలకు వలస వచ్చిన మనవారిలో అనేకులు కట్టడపు పనులలో ఉన్నారు. రాతిపొడిలోని సిలికా ఊపిరితిత్తులకు కలిగించే హాని మానేది కాదు. ఆ పొడి బట్టలను అంటి ఇల్లు చేరుతుంది. ఒంటిగది ఇంటిలో చొక్కా దులిపితే, ఏనాడూ రాయి కొట్టని పసిబిడ్డ కూడా దానిని పీలుస్తుంది.

నివారణకు పెద్ద వ్యయం అక్కరలేదు. కళ్ళాపి చల్లిన వాకిట దుమ్ము లేవదని మన ఇళ్ళలో అందరూ ఎరుగుదురు. గది లోపలా ఆ తడే రక్ష. పొడిగా ఊడ్వక తడిగుడ్డతో తుడవండి. ఇళ్ళలో పనిచేసే సోదరీమణులారా, యజమానులతోనూ ఈ మాట చెప్పండి. ఆ దుమ్ము ముందుగా చేరేది మీ ఊపిరికే. పని బట్టలను గడప వద్దనే విడిచి, దులపక నీటిలో నానబెట్టండి. వంటవేళ కిటికీ తెరవండి. రెండు కిటికీలున్నచో రద్దీ రహదారి వైపున్నది మూసి, రెండవది తెరవండి. దోమల చుట్టకు మారు దోమతెర కట్టండి.

వీధి గాలిని బాగుచేయుట నగరపాలక సంస్థతో పాటు అందరి బాధ్యత. దానికి కాలం పట్టును. ఇంటి గాలిని మాత్రం ఈ రాత్రి నుండే మనము కొంత మేలుచేయగలము.