ఆర్సెనిక్ నీళ్లు, ఆడవాళ్ల ఊపిరితిత్తులు

(మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టర్ని కాను, సోషియాలజీ చదివినదాన్ని. అయినా ఈ రోజు ఊపిరితిత్తుల కాన్సర్ గురించి మాట్లాడాలనుకున్నాను. ఈ జబ్బు పేరు వినగానే అందరూ అడిగే మొదటి ప్రశ్న, 'పొగ తాగుతారా?' అని. పొగాకు పెద్ద కారణమే, కాదనను. కానీ ఏనాడూ బీడీ ముట్టని ఆడవాళ్ల దగ్గర ఆ ప్రశ్న ఆగిపోతుంది. 'చిన్నప్పటినుంచీ ఏ నీళ్లు తాగావమ్మా?' అని తర్వాత ఎవరూ అడగరు.

నేనూ అడగలేదు. పల్లెల్లో సర్వేలు చేసేటప్పుడు నా ప్రశ్నావళిలో 'నీళ్లు ఎంత దూరంనుంచి తెస్తారు, రోజుకెన్ని బిందెలు మోస్తారు' అన్న ప్రశ్నలున్నాయి. ఆ బిందెలో ఏముందన్న ప్రశ్న లేదు. మోత ఒక్కటే కష్టమనుకున్నాను.

బెంగాల్ సంగతి చూడండి. చెరువు నీళ్లతో విరేచనాలు పట్టుకుని పిల్లలు చనిపోతున్నారని 1970లనుంచి బంగ్లాదేశ్‌లో యూనిసెఫ్ సాయంతో గొట్టపు బావులు వేశారు. ఉద్దేశం మంచిదే. నీళ్లూ తేటగానే ఉన్నాయి. కానీ భూమి పొరల్లో సహజంగా ఉన్న ఆర్సెనిక్, అంటే మనం పాషాణం అనేది, చాలా బావుల నీళ్లలో కలిసి ఉంది. దానికి రంగూ రుచీ వాసనా ఉండవు. పశ్చిమ బెంగాల్ పల్లెలనుంచి వచ్చిన రోగుల ఒంటిమీది మచ్చలు చూసి 1983లో కలకత్తాలో చర్మవైద్యుడు కె.సి. సాహా ఈ జబ్బును గుర్తించారు. ఇది అంటువ్యాధి కాదు. అయినా మచ్చలు పడిన ఆడపిల్లలకు పెళ్లిళ్లు కాలేదు, భార్యల్ని పుట్టింటికి పంపేశారు. తర్వాత బావుల్ని పరీక్షించి విషమున్నవాటికి ఎర్రరంగు, లేనివాటికి ఆకుపచ్చరంగు వేశారు. ఆకుపచ్చ బావి ఇంకొకరి పెరట్లో ఉంటే అక్కడికి బిందె పట్టుకుని వెళ్లి అడగవలసింది మళ్లీ ఆడదే.

ఈ విషం లోపల చేసే పని ఏమిటి? మన కణాల్లోని డి.ఎన్.ఎ.కు రోజూ చిన్నచిన్న దెబ్బలు తగులుతూనే ఉంటాయి. వాటిని బాగుచేసే ఎంజైములూ కణంలోనే ఉంటాయి. ఆర్సెనిక్ రెండు వైపులనుంచీ దెబ్బతీస్తుంది. ఒకవైపు డి.ఎన్.ఎ. పోగుల్ని తెగేలా చేస్తుంది. మరోవైపు, బాగుచేసే ఎంజైముల్లో కొన్నింటికి జింకు కావాలి. ఆ జింకు చోటులో తాను చేరి వాటిని పనిచెయ్యనివ్వదు. బాగుపడని తప్పులతోనే కణం రెండవుతుంది, ఆ తప్పులు కొత్త కణాలకూ వెళ్తాయి. ఏళ్లతరబడి అవి పోగుపడితే కాన్సర్‌కు దారితీయవచ్చు. నోటితో తాగినా రక్తంలో కలిసి ఊపిరితిత్తులకు చేరుతుంది. కాడ్మియం లాంటి లోహాలు కూడా ఈ బాగుచేసే పనినే అడ్డుకుంటాయి.

దీని ప్రభావం ఎంతకాలముంటుందో చిలీ దేశంలోని ఆంటోఫగాస్తా నగరాన్ని చూస్తే తెలుస్తుంది. 1958లో ఆ ఊరికి కొత్తగా నదీజలాలు తెచ్చారు. లీటరుకు సుమారు 860 మైక్రోగ్రాముల ఆర్సెనిక్ అందులో ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1993లో పెట్టిన పరిమితి 10. శుద్ధి కేంద్రం పెట్టింది 1970లో. అంటే విషం తాగింది పన్నెండేళ్లు. కానీ ఊపిరితిత్తుల కాన్సర్ చావులు శిఖరానికి చేరింది 1990 ప్రాంతంలో, నీళ్లు బాగుపడిన ఇరవై ఏళ్ల తర్వాత. ఆర్సెనిక్ లేని ప్రాంతంతో పోలిస్తే మగవాళ్లలోనూ ఆడవాళ్లలోనూ అవి మూడు రెట్లు దాటాయి. ఆ పన్నెండేళ్లలో తల్లి కడుపున పడి పుట్టినవాళ్లలో, 30 నుంచి 49 ఏళ్ల మధ్య వయసుకే ఆ చావులు సుమారు ఆరు రెట్లున్నాయని 2006లో పరిశోధకులు రాశారు.

అందుకే 'నీళ్లు మార్చాం, పని అయిపోయింది' అని ప్రభుత్వాలు అంటే మనం ఒప్పుకోకూడదు. తేటనీళ్లన్నీ మంచినీళ్లు కావని నల్గొండ ఫ్లోరైడ్ మనకెప్పుడో నేర్పింది. బోరు నీళ్ల పరీక్ష ఫలితం ఆ నీళ్లు తోడుకునే ఆడవాళ్లకు అర్థమయ్యే భాషలో తెలియాలి. ఏ నీళ్లు ఎన్నేళ్లు తాగారో, ఏ పని ఎన్నేళ్లు చేశారో ఆసుపత్రి కాగితాల్లో రాయాలి. ఇరవై ఏళ్ల తర్వాత జబ్బు బయటపడినప్పుడు ఆమె చేతిలో ఉండే సాక్ష్యం అదొక్కటే. అడగడం మన హక్కు.

నా వంతుగా నా ప్రశ్నావళిలో ఆ ప్రశ్న చేర్చాను. మీ మీ ఊళ్లలో మీరూ అడగండి.