కోత యంత్రం మీద సుంకం, కూలివాడి ఇంటి లెక్క

1906లో ఆస్ట్రేలియా పార్లమెంటు గోధుమ కోత యంత్రాల మీద రెండు సుంకాలు వేసింది. విదేశాల నుంచి దిగే ఒక్కో యంత్రానికి 12 పౌండ్ల దిగుమతి సుంకం, దేశంలో తయారైన దానికి అందులో సగం, అంటే 6 పౌండ్ల ఎక్సైజు. ఈ రెండో దానికి ఒక మినహాయింపు ఉంది. పనివాళ్లకు న్యాయమైన, సబబైన వేతనం ఇస్తున్నట్టు రుజువు చేసుకున్న కార్ఖానాదారు ఆ 6 పౌండ్లు కట్టనక్కర్లేదు. అర్థశాస్త్రం చదివినవారు దీన్ని సుంకాల చట్టం అంటారు, న్యాయశాస్త్రం చదివినవారు కార్మిక చట్టం అంటారు. నిజానికి ఇది రెండూను. ఈ వేళ ఒకే వేదిక మీద పట్టాలు అందుకుంటున్న ఆ రెండు శాఖల వారికీ ఇది ఉమ్మడి పాఠం.

ఆ చట్టం సభలో పొత్తు కుదిరితే పుట్టింది. 1901లో ఏర్పడ్డ సమాఖ్యకు అప్పట్లో మెల్‌బోర్న్‌లో పార్లమెంటు నడిచేది. ఆల్ఫ్రెడ్ డీకిన్ నాయకత్వంలో రక్షణవాదులు, జార్జ్ రీడ్ వెనుక స్వేచ్ఛా వాణిజ్యవాదులు, క్రిస్ వాట్సన్‌తో లేబర్ పార్టీ. ఎవరికీ సొంత మెజారిటీ లేదు. ఒకే మైదానంలో మూడు జట్లు క్రికెట్ ఆడితే ఎలా ఉంటుందో సభ అలా ఉందన్నాడు డీకిన్. 1904 ఒక్క ఏడాదిలోనే ఈ ముగ్గురూ ప్రధానమంత్రి పదవిలో కూర్చున్నారు.

స్వేచ్ఛా వాణిజ్యవాదుల అభ్యంతరం బలమైనదే. సుంకం వేస్తే యంత్రం ధర పెరుగుతుంది, ఆ భారం రైతు మీద పడుతుంది, లాభం కార్ఖానాదారు జేబులోకి పోతుంది. అందులో కూలివాడికి చేరేదెంతో ఎవరు చూడొచ్చారు? లేబర్ సభ్యులు సుంకాల విషయంలో తమలో తామే రెండుగా చీలి ఉన్నారు. వాళ్లను కలుపుకోవడానికి డీకిన్ ‘నవ రక్షణ’ అనే విధానం ముందుపెట్టాడు. ప్రజల ఖర్చుతో రక్షణ పొందే యజమాని ఆ రక్షణలో పనివాడికి వాటా ఇవ్వాలి, ధర కూడా హద్దులో ఉంచాలి. సుంకం ప్రజలిచ్చే కానుక గనుక దానికి షరతు పెట్టే హక్కు వాళ్లకుంటుంది. ఈ వాదంలోని న్యాయం ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

‘న్యాయమైన’ వేతనం అంటే ఎంతో మాత్రం సభ చెప్పలేదు, తేల్చే పని న్యాయమూర్తికి వదిలేసింది. మెల్‌బోర్న్ శివార్లలో సన్‌షైన్ హార్వెస్టర్ కర్మాగారం నడిపే హ్యూ విక్టర్ మెక్కే మినహాయింపు కోసం దరఖాస్తు పెట్టాడు. అంతకుముందు పార్లమెంటు సభ్యుడిగా పనిచేసిన జస్టిస్ హెచ్.బి. హిగిన్స్ దాన్ని విచారించాడు. యజమాని ఇవ్వగలిగినదెంత అని ఆయన అడగలేదు, మనిషికి కావలసినదెంత అని అడిగాడు. కూలివాళ్ల ఇళ్ల ఖర్చుల పద్దులు తెప్పించి చూశాడు. అద్దె, వెచ్చాలు, రొట్టె, మాంసం, పాలు, పొయ్యిలోకి వంటచెరకు, కూరగాయలు, పళ్లు, వీటికే అయిదుగురున్న ఇంటికి వారానికి సుమారు 32 షిల్లింగుల 5 పెన్స్ అవుతోంది. రోజుకు 6 షిల్లింగుల చొప్పున కూలివాడికి వారానికి వచ్చేది 36. మిగిలిన మూడున్నర షిల్లింగుల్లోనే బట్టలు, బూట్లు, దీపం, రైలు ఛార్జీ, బడి పుస్తకాలు, జబ్బులు, చావులు. అది కుదిరే లెక్క కాదు. 1907 నవంబరు 8న హిగిన్స్ నైపుణ్యం లేని కూలికి రోజుకు 7 షిల్లింగులు, వారానికి 42, కనీసమని తేల్చాడు. మెక్కే ఇస్తున్న కూలి సబబు కాదన్నాడు.

మెక్కే ఎక్సైజు కట్టలేదు, వివాదం హైకోర్టుకు వెళ్లింది. 1908 జూన్‌లో ముగ్గురికి ఇద్దరి తేడాతో ఆ చట్టం కొట్టుబడిపోయింది. పన్ను పేరుతో కార్ఖానా లోపలి వేతనాలను శాసించే అధికారం సమాఖ్యకు లేదన్నారు. భిన్నాభిప్రాయం రాసిన ఇద్దరిలో హిగిన్స్ ఒకరు. ఆ అధికారం కోసం 1911లోనూ 1913లోనూ జరిపిన ప్రజాభిప్రాయ సేకరణలు ఓడిపోయాయి. సుంకానికీ వేతనానికీ వేసిన ముడి అలా ఊడింది గానీ 7 షిల్లింగుల లెక్క బతికింది. పారిశ్రామిక వివాదాల న్యాయస్థానం దాన్నే కొలబద్దగా తీసుకుంది, 1920ల నుంచి ధరల సూచీని బట్టి సవరిస్తూ వచ్చింది.

ఆ లెక్కలోకి రానివాళ్ల గురించి కూడా చెప్పితీరాలి. హిగిన్స్ ఇల్లు అంటే సంపాదించే మగవాడు, భార్య, ముగ్గురు పిల్లలు. ఆడవాళ్ల కనీస వేతనం చాలాకాలం మగవాళ్ల దానిలో సగానికి కాస్త పైన నడిచి, 1950 నాటికి ముప్పాతికకు చేరింది. పూర్తి సమానత్వం 1974లో గానీ రాలేదు. పశువుల క్షేత్రాల్లో పనిచేసే ఆదివాసులకు సమాన వేతనమన్న తీర్పు 1966 దాకా లేదు. డీకిన్ 1890లో నీటిపారుదల చూడటానికి భారతదేశం తిరిగి వెళ్లి, ఆ అనుభవంతో పుస్తకం రాసినవాడు. అదే మనిషి 1901లో అటార్నీ జనరల్‌గా ఆసియావాసులను రానివ్వని వలస చట్టాన్ని సభలో సమర్థించాడు. జపనీయుల దుర్గుణాలు కాదు, వాళ్ల సుగుణాలే, ఆ శ్రమశక్తీ తక్కువతో బతకగలగడమే ప్రమాదమని వాదించాడు. కూలి రేటును కాపాడటం, మనిషిని గడప దాటనివ్వకపోవడం ఆ సభలో పక్కపక్కనే నడిచాయి. ఈ విషయం తెలుగువాడు నొప్పి లేకుండా చదవలేడు.

భారతదేశం వేతనాన్ని సుంకంతో ముడిపెట్టకుండా వేరే దారి పట్టింది. 1948లో కనీస వేతనాల చట్టం వచ్చింది. 1957లో పదిహేనో భారత కార్మిక మహాసభ హిగిన్స్ మాదిరే ఇంటి లెక్కతో మొదలుపెట్టింది. పెద్దవాడికి రోజుకు 2,700 కేలరీలు, మనిషికి ఏడాదికి 18 గజాల బట్ట, అద్దె, పై ఖర్చులకు 20 శాతం. పిల్లల చదువు, వైద్యం వంటి వాటికి మరో 25 శాతం కలపాలని 1991లో సుప్రీంకోర్టు చెప్పింది.

సుంకానికీ వేతనానికీ మధ్య ముడి మళ్లీ, ఈసారి అంతర్జాతీయ వేదిక మీదికి వచ్చింది. 1996లో సింగపూర్‌లో ప్రపంచ వాణిజ్య సంస్థ మంత్రుల సమావేశంలో కార్మిక ప్రమాణాలను వాణిజ్యంతో జోడించాలని అమెరికా పట్టుబట్టింది. భారత్‌తో సహా వర్ధమాన దేశాలు అడ్డుపడ్డాయి. తక్కువ కూలి పేద దేశపు బలం, దాన్ని నేరంగా చూపి తలుపులు మూస్తారన్నది వాటి భయం. డీకిన్ మాటలు చదివినవారికి ఆ భయం వట్టిదనిపించదు. ప్రమాణాల సంగతి అంతర్జాతీయ కార్మిక సంస్థకు వదిలి, వాటిని రక్షణవాదానికి వాడకూడదని సమావేశం ప్రకటించింది.

అయినా 2020 జులైలో అమలులోకి వచ్చిన అమెరికా, మెక్సికో, కెనడాల ఒప్పందంలో ఆ పద్ధతే తిరిగి కనిపిస్తుంది. సుంకం లేకుండా సరిహద్దు దాటాలంటే కారు విలువలో 40 శాతం, ట్రక్కు విలువలో 45 శాతం, గంటకు సగటున 16 డాలర్లకు తగ్గకుండా కూలి వచ్చే చోట తయారై ఉండాలి. ధరలతో పాటు ఆ 16 పెరిగే ఏర్పాటు మాత్రం ఒప్పందంలో లేదు.