పోస్టు మన ఊళ్లో, లెక్క ఎవరి చేతుల్లో?



కంపెనీల్లో రెండు మాటలు తరచుగా వినపడతాయి. ఒకటి టాలెంట్ మేనేజ్‌మెంట్, అంటే పనికి తగ్గ మనిషిని వెతికి, నేర్పించి, నిలబెట్టుకోవడం. రెండోది వర్క్‌ఫోర్స్ ప్లానింగ్, అంటే రేపు ఏ పనికి ఎంతమంది కావాలో ఇవాళే లెక్కేసుకోవడం. ఇవి మనకి సంబంధం లేని మాటలని అనుకోకండి. మన ఏజెన్సీలో ఈ పని ఒకసారి జరిగింది. దాని పేరు జీవో 3.

2000 జనవరి 10న వచ్చిన ఆ జీవో, షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అంది. కారణం తేలికే. మైదానం నుంచి వచ్చిన సార్లు బడికి సరిగ్గా వచ్చేవాళ్లు కాదు. వచ్చినా, ఇంట్లో కోయ, కువి, సవర, గోండి మాట్లాడే పిల్లలకి ఆ తెలుగు పాఠం అర్థమయ్యేది కాదు. ఊరి మనిషే టీచరైతే బడి తెరుచుకుంటుంది, మాటా కలుస్తుంది. ఇంతకన్నా మంచి ప్లానింగ్ ఏముంటుంది?

2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఆ జీవోని కొట్టేసింది. నూటికి నూరు రిజర్వేషన్ రాజ్యాంగానికి విరుద్ధమంది. జీవో పోయింది సరే, మరి అవసరం పోయిందా? పిల్లల భాష మారిందా? లేదు కదా.

ఇప్పుడు ఆంధ్రాలో మన వాటా నూటికి 6, తెలంగాణలో 2022 నుంచి 10. ఊరంతా మనవాళ్లే ఉన్నచోట కూడా ఇదే లెక్క. ఇంకోపక్క ఏకలవ్య బడులకి మూడేళ్లలో 38,800 మందిని తీసుకుంటామని 2023 బడ్జెట్‌లో కేంద్రం చెప్పింది. ఆ నియామకం ఢిల్లీ నుంచి, దేశమంతటికీ ఒకే పరీక్షతో. కోయ తెలిసిన అమ్మాయికి ఆ కోయ రావడం కూడా ఒక అర్హతే అని ఎవరు గుర్తిస్తారు?

కాబట్టి అడగాల్సింది అడుగుదాం. ఏజెన్సీ పోస్టుకి స్థానిక భాష రావడం అర్హత కావాలి. ట్రైబల్ అడ్వైజరీ కౌన్సిల్‌లో ఈ విషయం చర్చకి రావాలి. కోర్టులో నిలబడే చట్టం కావాలి.

ఈలోగా చేతులు కట్టుకుని కూర్చోవద్దు. ఒక నోటుబుక్కు తీయండి. మీ మండలంలో బడి, ఆసుపత్రి, అంగన్‌వాడీ, సచివాలయం అన్నిట్లో పోస్టులెన్ని, ఖాళీలెన్ని, ఎవరు ఏ ఏడాది రిటైరవుతారు, ఔట్‌సోర్సింగ్‌లో ఎంతమంది ఉన్నారు అన్నీ రాయండి. తెలియనివి సమాచార హక్కు చట్టం కింద అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. దారిద్ర్యరేఖకు దిగువన ఉంటే ఫీజు కూడా లేదు.

ఎదురు పేజీలో మన పిల్లల పేర్లు, వాళ్ల చదువులు రాయండి. డీఎడ్‌కి రెండేళ్లు పడుతుంది, జీఎన్ఎంకి మూడేళ్లు. టీచరు కావాలంటే డీఎడ్ మీద టెట్, డీఎస్సీ కూడా రాయాలి. అంటే నాలుగైదేళ్లకి ఖాళీ అయ్యే పోస్టుకి ఇవాళ ఇంటర్ చదివే చెల్లి ఇప్పుడే సిద్ధమవ్వాలి. నోటిఫికేషన్ పడ్డాక కోచింగ్ కోసం పరిగెత్తితే ఆలస్యమే.

ఆ రెండు పేజీలు గ్రామసభలో చదివి వినిపించండి, తీర్మానం చేయించండి, ఐటీడీఏ పీవోకి ఇవ్వండి. మన లెక్క మన దగ్గర లేకపోతే పక్కవాడు వేసిన లెక్కే ఖాయమవుతుంది.

జై ఆదివాసీ!