గర్భస్థ శిశువు – మన మాట తీరు





గర్భస్థ శిశువు ప్రాణం అల్లాహ్ అమానతు. దానిని కాపాడమని చెప్పటం మన బాధ్యత. 120 దినాలు దాటిన పిదప తల్లి ప్రాణానికి ముప్పు ఉంటే తప్ప గర్భస్రావం హరామ్ అని అత్యధిక పండితుల నిర్ణయం. అంతకు పూర్వపు దశ గురించి వారిలో అభిప్రాయభేదాలున్నాయి. ఆ మస్అలా వివరాలు నేటి మన అంశం కాదు. ఈ బాధ్యతను ఏ మాటలతో నిర్వర్తిస్తున్నామో, దానిని గురించే మాట్లాడదలిచాము.

పేదరికం పేరిట సంతానాన్ని చంపరాదన్న ఆజ్ఞ దివ్య ఖుర్ఆన్‌లో రెండుచోట్ల ఉన్నది. అన్ఆమ్ సూరా (151)లో ప్రస్తావన ఇప్పటికే లేమిలో ఉన్నవారిది. అక్కడ అల్లాహ్ ముందుగా తల్లిదండ్రుల ఉపాధికి హామీ ఇచ్చి, తరువాత పిల్లల మాట ఎత్తాడు. బనీ ఇస్రాయీల్ సూరా (31)లో ప్రస్తావన రేపు లేమి వస్తుందేమోనని భయపడేవారిది. అక్కడ పిల్లల ఉపాధి ముందు, పెద్దలది తరువాత. ఆజ్ఞ ఒక్కటే, వినేవాని దిగులును బట్టి మాటల వరుస మారినది. మనం మాత్రం అందరికీ ఒకే ప్రసంగం అప్పజెబుతాము.

హజ్రత్ మర్యమ్ (అ.స.) గాథను గమనించండి. పురిటినొప్పులతో ఖర్జూర చెట్టు మొదట చేరి, ఇంతకు మునుపే మరణించి ఉంటే బాగుండేదని ఆమె వాపోయారు. అంతటి పుణ్యవతి నోట వచ్చిన మాట అది! ఆ మాటకు మందలింపు రాలేదు, ఓదార్పు వచ్చినది. పాదాల చెంత నీటి ఊట, చేతికందే ఖర్జూరాలు లభించాయి. జనానికి సంజాయిషీ చెప్పుకునే భారం కూడా ఆమెపై మోపబడలేదు. మౌనం వహించమని ఆదేశం అందినది. నిలదీసినది ఆమె జాతి జనమే.

'హంతకురాలు' అనే మాట నేడు కొన్ని మింబర్లపై నుండి కూడా వినవస్తున్నది. మైకు శబ్దం ఎంత దూరం పోతుందో ఆ మాట అనేవారు ఆలోచించరు. గోడకు ఆవల గర్భం నిలవక కుమిలిపోతున్న సోదరి వింటుంది. వైద్యులు ప్రాణాపాయమని చెప్పగా గర్భం తీయించుకున్న ఇల్లాలు వింటుంది. ఆడపిల్ల అని తెలిసి అత్తింటివారు బలవంతాన ఆసుపత్రికి తీసుకుపోయిన కోడలూ వింటుంది. ఈమె విషయంలో నిలదీయవలసినది ఈ సఫ్‌లలో కూర్చున్న భర్తను, మామను. పుట్టబోయే బిడ్డ లింగాన్ని వెల్లడించటం 1994 నాటి చట్టం ప్రకారం నేరం. సజీవంగా పాతిపెట్టబడిన బాలిక విషయమై జరుగబోయే విచారణను గురించి తక్వీర్ సూరా ఏనాడో హెచ్చరించినది.

ఎవరి కోడలు ఏ ఆసుపత్రికి ఎందుకు వెళ్ళిందో ఆరా తీయటం ధర్మప్రచారం కాదు, తజస్సుస్.

బిడ్డను సాకలేమని వచ్చిన కుటుంబాన్ని మనం అడగవలసిన మొదటి ప్రశ్న, కాన్పు ఖర్చుకు ఎంత తక్కువ పడుతున్నదని. ఇందుకై బైతుల్ మాల్ నుండి సొమ్ము కేటాయించమని కమిటీ పెద్దలను కోరాము. అవసరమున్న సోదరీమణులు మా ఇంటికి వచ్చి స్త్రీలతో మాట్లాడవచ్చును. పేరు ఎవరూ అడగరు.