పిల్లలకు పొలం లెక్క చెబుదాం

(రైతు దినోత్సవం సందర్భంగా శామీర్‌పేటలో రైతులు, ఉపాధ్యాయులు కలిసి కూర్చున్న సమావేశంలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 23 చౌధురి చరణ్‌సింగ్ పుట్టినరోజు. దాన్నే రైతు దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆ రోజు చాలా బడుల్లో ఒక పిల్లవాడికి పంచె కట్టి, తలపాగా చుట్టి, అట్టముక్కతో చేసిన నాగలి భుజాన పెడతారు. ఒక పాప ‘రైతే రాజు’ అని రాసిన అట్ట పట్టుకుంటుంది. రైతు దేశానికి వెన్నెముక అని వ్యాసం రాయిస్తారు. ఫోటోలు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులకు పోతాయి. తెల్లారితే ఎవరి పని వాళ్లది.

టీచర్లను తప్పుపట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. ఉన్న సిలబస్‌లో, ఉన్న టైములో వాళ్లు చేయగలిగింది చేస్తున్నారు. మా బాధ వేరు. పిల్లలకు మన గురించి రెండే అందుతున్నాయి. పుస్తకంలో పొగడ్త, టీవీలో జాలి. ఒకచోట అన్నదాత, ఇంకోచోట అప్పులపాలై ప్రాణం తీసుకున్నవాడు. ఈ రెండింటి నడుమ పొద్దున లేచి మోటరు వేసి, మడికి నీళ్లు కట్టి, మొన్న వానాకాలంలో లాగా యూరియా బస్తా కోసం క్యూలో నిలబడి, కూరగాయలు మార్కెట్‌కు తోలి బేరమాడి వచ్చే మనిషి ఒకడున్నాడు. ఆ మనిషి పిల్లలకు తెలియడు. తెలియని మనిషిని గౌరవించమంటే వాళ్లు మాత్రం ఏం చేస్తారు? చప్పట్లు కొడతారు.

మన ప్రాంతంలో ఈ పని ఇంకా తొందరగా జరగాలి. ఎందుకో అందరికీ తెలుసు. వయసు మళ్లినవాళ్లకు మేడ్చల్, శామీర్‌పేట, కీసర అంటే ద్రాక్ష పందిళ్లు గుర్తుకొస్తాయి. హైదరాబాదు పేరు చెబితే అనాబ్-ఎ-షాహి ద్రాక్ష గుర్తుకొచ్చే రోజులుండేవి. అక్టోబరులో తీగ కత్తిరింపు, చలి తగ్గి ఎండలు ముదిరే వేళకు గెలల కోత, ఊరంతా బుట్టలు, లారీలు. తర్వాత బోర్లలో నీళ్లు లోతుకు పోయాయి, కూలి ఖర్చు పెరిగింది, భూమి ధర పంట ధరకు అందనంత పైకి పోయింది. పందిళ్ల రాళ్లు పీకి వెంచర్లకు హద్దురాళ్లు పాతారు.

ఇవాళ ఈ రోడ్ల మీద బడికి పోయే పిల్లవాడికి తుర్కపల్లి జీనోమ్ వ్యాలీ తెలుసు, అక్కడి నుంచి కోవాగ్జిన్ వచ్చిందని తెలుసు. నల్సార్, బిట్స్ పిలానీ తెలుసు. ఔటర్ రింగు రోడ్డు 158 కిలోమీటర్లని జనరల్ నాలెడ్జిలో చదువుతాడు. ఇవన్నీ తెలియాల్సినవే. కానీ అదే బస్సు కిటికీలోంచి కనిపించే పాలకూర మడిని, బంతి తోటను, దున్ని ఆరబెట్టిన చెలకను ఏమంటాడో అడిగి చూడండి. ‘ఖాళీ స్థలం’ అంటాడు. పెద్దవాళ్లు అనే మాటే అది. భూమి బోర్డు మీద గజాల లెక్క చూసిన కళ్లకు, ఇల్లు లేని భూమి అంతా ఖాళీగానే కనిపిస్తుంది.

ఆల్వాల్ రైతు చింతల వెంకట్‌రెడ్డి గారికి 2020లో పద్మశ్రీ ప్రకటించారు. భూమి లోపలి పొరల మట్టిని తవ్వి తీసి, పై మట్టి మీద వేసి, దాన్నే ఎరువుగా వాడిన పద్ధతి ఆయనది. ద్రాక్ష, వరి, గోధుమ అట్లా పండించి చూపారు. రాజీవ్ రహదారి మీద ఆల్వాల్ మీదుగా రోజూ ఎన్ని స్కూలు బస్సులు పోతున్నాయి! అందులో ఎంతమంది పిల్లలకు ఆ పేరు తెలుసు? పొలంలో కూడా ప్రయోగం ఉంటుందని, పుస్తకం రాయని శాస్త్రం ఒకటి రైతు చేతిలో ఉంటుందని చెప్పడానికి మన పక్కనే ఇంత పెద్ద ఉదాహరణ ఉంది.

ఈ మధ్య టికెట్టు పెట్టి పొలం చూపించే చోట్లు మన వైపు వచ్చాయి. ఎడ్లబండి సవారీ, బురదలో ఆట, ట్రాక్టర్ మీద ఫోటో, మధ్యాహ్నం జొన్నరొట్టె. పిల్లలు బురదలో ఆడితే మంచిదే, ఎవరూ కాదనరు. అదే బురదలో పొద్దంతా నడుం వంచి నాటేస్తే సాయంత్రానికి నడుం ఎట్లా ఉంటుందో చెప్పే మనిషి మాత్రం ఆ టికెట్టులో ఉండదు.

నిజంగా పొలానికి వచ్చిన పిల్లలు అడిగే ప్రశ్నలు బాగుంటాయి. అన్నిటికంటే ఎక్కువగా అడిగేది: ‘అంకుల్, మీకు నెలకు జీతమెంత?’ పక్కనున్న టీచరు ‘అట్లా అడగకూడదు’ అంటారు. అడగనివ్వండి. ఇంతకంటే మంచి ప్రశ్న లేదు. దానికి జవాబు నవ్వుతో దాటేయకుండా లెక్కతో చెప్పాలి. ఆ లెక్క ఆరో తరగతి పిల్లలు కూడా చేయగలిగిందే. ఒకసారి చేసి చూద్దాం.

2025-26లో మామూలు రకం వడ్లకు మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. అంటే కిలో వడ్లు 23 రూపాయల 69 పైసలు. క్వింటాలు వడ్లు మర పట్టిస్తే సర్కారు మిల్లర్లతో పెట్టుకున్న లెక్క ప్రకారం 67 కిలోల బియ్యం రావాలి. తవుడు, ఊక మిల్లు దగ్గరే ఉండిపోతాయి, వాటి కథ వేరే. ఒక పిల్లవాడు ఒక పూట తినే అన్నానికి వంద గ్రాముల బియ్యం అనుకోండి. ఆ వంద గ్రాములకు సుమారు 150 గ్రాముల వడ్లు కావాలి. మద్దతు ధర పైసా తగ్గకుండా దక్కినా, ఆ కంచంలో అన్నానికి రైతుకు వచ్చేది మూడున్నర రూపాయలు. ఐదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్ కంటే తక్కువ. ఆ మూడున్నరలోనే విత్తనం, దున్నకం, నాటు కూలి, ఎరువు, కోత మిషన్ కిరాయి అన్నీ ఉన్నాయి. సన్నాలకు రాష్ట్రం ఇస్తున్న 500 రూపాయల బోనస్ కలిపి ఇంకోసారి చేయించండి. వాళ్ల ఇంట్లో కొనే బియ్యం కిలో ఎంతో అమ్మనడిగి రమ్మనండి. మధ్యలో ఉన్న తేడా ఎవరెవరి దగ్గర ఆగిందో పిల్లలే అడుగుతారు.

ఇంకో లెక్క. ఈ ప్రాంతం పిల్లలకు గజాలు బాగా తెలుసు కాబట్టి గజాల్లోనే చెబుదాం. ఎకరం అంటే 40 గుంటలు, గుంటకు 121 గజాలు, మొత్తం 4,840 గజాలు. ఎకరానికి 25 క్వింటాళ్లు పండిందనుకుంటే 200 గజాల ప్లాటంత మడిలో ఒక పంటకు క్వింటాలుకు కొంచెం పైగా వడ్లు, 69 కిలోల బియ్యం. నలుగురున్న ఇంటికి రోజుకు కిలో బియ్యం అనుకుంటే రెండు నెలల పైన తొమ్మిది రోజులు. ‘ఖాళీ స్థలం’ అన్నది ఎంత ఖాళీగా ఉందో ఈ లెక్క చేసిన పిల్లవాడికి వేరే చెప్పనక్కర్లేదు.

ఇదంతా రాజకీయం అవుతుందేమో అని కొందరు టీచర్లు జంకుతున్నారు. త్రైరాశికం రాజకీయం ఎట్లా అవుతుంది? సాగు ఖర్చు మీద కనీసం యాభై శాతం కలిపి మద్దతు ధర ఇవ్వాలని స్వామినాథన్ కమిషన్ చెప్పింది. అది కూడా శాతాల పాఠంలో ఒక లెక్కే. ఖర్చు అంటే ఏమేం కలపాలి, సొంత భూమికి కౌలు కట్టాలా, ఇంటి ఆడవాళ్ల కష్టానికి కూలి కట్టాలా అని పిల్లలు వాదించుకుంటే అంతకంటే మంచి క్లాసు ఏముంటుంది?

ఆడవాళ్ల మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. రైతు బొమ్మ గీయమంటే పిల్లలు మీసాలున్న మగవాణ్ని గీస్తారు. నారు పీకేది, నాటేది, కలుపు తీసేది, కూరగాయలు తెంపి కట్టలు కట్టేది, బర్రెను చూసుకునేది ఎవరు? అందుకే పిల్లలు పొలానికి వచ్చిన రోజు మాట్లాడాల్సింది పట్టా పేరున ఉన్న పెద్దమనిషి ఒక్కడే కాదు. కౌలుకు చేసేవాళ్లు రావాలి. వాళ్ల భూమి వాళ్ల పేరున ఉండదు, 2018లో రైతుబంధు మొదలైనప్పుడు ఆ డబ్బు పట్టాదారుకు పోయింది తప్ప దున్నినవాడికి రాలేదు. ఇప్పుడు నాట్లకు బీహారు నుంచి, బెంగాల్ నుంచి వస్తున్న కూలీలతో కూడా మాట్లాడించండి. వాళ్ల ఊళ్లో పొలాలెట్లా ఉంటాయో వాళ్లు చెబితే పిల్లలు హిందీ పాఠం కంటే శ్రద్ధగా వింటారు.

ఇప్పటిదాకా పట్నం పిల్లల సంగతి. రైతు బిడ్డల సంగతి ఇంకా కష్టంగా ఉంది. మన ఊళ్ల నుంచి కొంపల్లి, సుచిత్ర వైపు ఇంగ్లీషు మీడియం బడులకు పోయే పిల్లల్లో కొందరు ఫారంలో తండ్రి వృత్తి దగ్గర ‘బిజినెస్’ అని రాస్తున్నారు. చేతికి మట్టి అంటిన నాన్న పేరెంట్స్ మీటింగుకు రావద్దని కోరుకునే పిల్లలున్నారు. ‘చదువుకోకపోతే బర్లు కాయాల్సి వస్తుంది’ అని బెదిరించే మాట చిన్నప్పటి నుంచి వింటే ఏ పిల్లవాడు మాత్రం బర్రె వెనక నిలబడ్డ తండ్రిని గొప్పగా చూస్తాడు? వ్యవసాయంలోనే ఉండిపొమ్మని ఏ బిడ్డకూ మేం చెప్పడం లేదు. వాళ్లు డాక్టర్లు కానీ, ఇంజినీర్లు కానీ. తమ ఇంటి పని పేరు చెప్పడానికి తల దించుకోకూడదు, అంతే. తోటి పిల్లలంతా తన తండ్రి మడిలో నిలబడి ప్రశ్నలు అడుగుతుంటే ఆ పిల్లవాడి ముఖం ఎట్లా ఉంటుందో ఆలోచించండి.

ఇది కొత్త ఆలోచన కాదు. 1937లో గాంధీజీ నయీ తాలీం అన్నప్పుడు చేతి పనితోనే చదువు చెప్పాలన్నారు. ఆ కమిటీకి అధ్యక్షత వహించిన జాకిర్ హుస్సేన్ పుట్టింది మన హైదరాబాదులోనే. జపాన్ 2005లో ఆహార విద్యకు ఒక చట్టమే చేసింది, అక్కడ ఎన్నో బడుల్లో పిల్లలు వరి నాటి, కోసి, ఆ బియ్యం వండుకుని తింటారు. మన 2020 జాతీయ విద్యా విధానం కూడా ఆరు నుంచి ఎనిమిదో తరగతి మధ్య పది రోజులు సంచి లేని బడి ఉండాలంది. ఆ రోజుల్లో వడ్రంగులు, తోటమాలులు, కుమ్మరులు, కళాకారులు మొదలైనవాళ్ల దగ్గర పని నేర్చుకోవాలట. రైతును ఆ ‘మొదలైనవాళ్ల’లో వెతుక్కోవాలి. సరే, వెతుక్కుందాం. ఆ పది రోజుల్లో నాలుగు రోజులు మన పొలాలకు ఇవ్వమని హెడ్మాస్టర్లను అడుగుదాం.

నాలుగు రోజులూ ఒకేసారి వద్దు. ఒకే తరగతి, ఒకే మడికి, విడివిడిగా నాలుగుసార్లు రావాలి. ఒక్కసారి వచ్చిపోతే పిక్నిక్. మళ్లీ వచ్చినప్పుడు తాము విత్తింది మొలిచిందో లేదో చూసుకుంటారు. వరితో మొదలుపెడదామని చాలామంది అంటున్నారు. ఒక చిక్కుంది. యాసంగి కోతలు వచ్చేసరికి బడులకు ఎండాకాలం సెలవులు వచ్చేస్తాయి. నాటు చూసినవాళ్లు కోత చూడరు. వరిని వచ్చే వానాకాలానికి ఉంచి, ఇప్పుడు పాలకూర, కొత్తిమీరతో మొదలుపెట్టడం నయం. విత్తిన నెల, నెలా పదిహేను రోజుల్లో కోతకొస్తాయి. ఒకసారి విత్తడం, ఒకసారి కలుపు, ఒకసారి కోసి కట్టలు కట్టడం. నాలుగోసారి పొలానికి కాదు, తెల్లవారుజామున బోయిన్‌పల్లి మార్కెట్‌కు. తాము కట్టిన కట్ట అక్కడ ఎంతకు పోయిందో కళ్లారా చూడాలి. కమీషన్, హమాలీ, ఆటో కిరాయి తీసేస్తే చేతికి ఎంత మిగిలిందో కాగితం మీద రాయాలి. ధర పడిపోయిన రోజు వస్తే ఇంకా మంచిది. (రైతుకు కాదు, పాఠానికి.) మిగిలిపోయిన కూరగాయలతో ఆ మార్కెట్ యార్డులోనే కరెంటు తీస్తున్నారు, రోజుకు సుమారు పది టన్నుల వ్యర్థంతో 500 యూనిట్ల దాకా. పిల్లలకు అదీ చూపించవచ్చు.

మన వైపు నుంచి కొన్ని జాగ్రత్తలు. మందు కొట్టిన మడిలోకి పిల్లలను దించొద్దు. వాళ్లు వచ్చే వారం ముందు నుంచే మందు ఆపేయండి. డబ్బాలు చేతికందేచోట ఉంచకండి, అయితే ఒక ఖాళీ డబ్బా మీది బొమ్మ దూరం నుంచి చూపించి ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ త్రికోణాలు ఏం చెబుతాయో వివరించండి. ఎరుపు అన్నిటికంటే ప్రమాదమని ఆ పిల్లలు ఇంటికి పోయి చెబితే మంచిదే. గట్టు లేని బాయి ఉన్న పొలమైతే ఆ పొలం వద్దు. స్టార్టర్ డబ్బాకు తాళం వేయండి. ఆడపిల్లలకు మరుగుదొడ్డి ఉన్న ఇల్లు దగ్గరలో ఉండాలి, ఇది చాలామంది మర్చిపోతారు.

డబ్బు విషయం కూడా మొహమాటం లేకుండా మాట్లాడుకోవాలి. ఆ పూట పని ఆపి పిల్లలతో గడిపే కూలి అక్కకు పూర్తి రోజు కూలి బడి ఇవ్వాలి. పొలం ఇచ్చిన రైతుకు ఇవ్వాలా వద్దా అన్నది ఆ రైతు ఇష్టం. సర్కారు బడులకు ఆ స్తోమత లేకపోతే కూలి డబ్బు సంఘం భరిస్తుంది. ప్రైవేటు బడుల దగ్గర మాత్రం వదిలేది లేదు. పాఠం చెప్పిన మనిషికి పైసా ఇవ్వకుండా పంపి, పిల్లలతో రైతుకు జై కొట్టించడం మాకు సమ్మతం కాదు.

సంక్రాంతి సెలవులు అయిపోగానే జనవరి మూడో వారంలో మొదటి విత్తు వేద్దాం. రెండు గుంటల మడి, బస్సు ఆగేంత దారి, బోరులో నీళ్లు ఉన్న సభ్యులు ఇవాళే పేర్లు రాయించండి. మేడ్చల్ వైపు వాళ్లు ఒక కాగితం మీద, శామీర్‌పేట వైపు వాళ్లు ఇంకో కాగితం మీద. టీచర్లు తమ బడి పేరు, తరగతి, పిల్లల సంఖ్య రాసివ్వండి. ఒక మడికి నలభై మంది కంటే ఎక్కువ వద్దు, తొక్కి చంపుతారు.